మాంసం కొట్టే పనిలో మణికట్టు, భుజం, నడుము దెబ్బతినకుండా చూసుకోవడం ఎలా

కబేళాలో తోలు తీసేవాళ్లు, జియాగూడలోనో చెంగిచర్లలోనో పొట్టేళ్లు కోయించి తెచ్చి షాపులో కొట్టేవాళ్లు, చికెన్ సెంటర్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కోళ్లు కోసేవాళ్లు, ఎగుమతి ప్లాంటులో లైన్ మీద నిలబడి ఎముక నుంచి మాంసం వేరు చేసేవాళ్లు, ఇది మీ కోసం రాస్తున్నాను. మీరు ఆ పని చేయకపోయినా, చేసే మనిషి మీ ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

"ఈ పనిలో నొప్పులు మామూలే" అని మీకు పని నేర్పినవాళ్లు చెప్పే ఉంటారు. ఎక్కువమందికి వస్తాయన్నది నిజమే. రాక తప్పదన్నది మాత్రం నిజం కాదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2014లో సౌత్ కరోలినాలోని ఒక కోళ్ల ప్లాంటు మీద నివేదిక ఇచ్చింది. అక్కడ పరీక్షించిన కార్మికుల్లో 42 శాతం మందికి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిన ఆధారాలు కనిపించాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఈ జబ్బు పేరుతో సహా ఉంది. అంటే ఇది మీ ఒంట్లో బలం లేక వచ్చింది కాదు. పనిముట్టు, నిలబడే తీరు, ఎత్తు, వేగం అన్నీ కలిసి తెచ్చిపెట్టే జబ్బు. వీటిలో చాలావాటిని పెద్ద ఖర్చు లేకుండా మీ షాపులోనే మార్చుకోవచ్చు.

నేను ఫిజియోథెరపీ చేస్తాను. ఈ పనివాళ్లు నా దాకా వచ్చేసరికి సాధారణంగా బాగా ఆలస్యమైపోయి ఉంటుంది. వచ్చాక కూడా "ఎలాగోలా ఈ ఆదివారం దాటించండి, చాలు" అంటారు. ఆ ఆదివారం బేరం మీద ఇల్లు నడుస్తుందని నాకు తెలుసు. అందుకే పని మానెయ్యమని ఇక్కడ ఎక్కడా చెప్పను. పని చేస్తూనే ఏం మార్చుకోవాలో, దేని తర్వాత ఏది మార్చుకోవాలో చెబుతాను.

1. నొప్పి ఎక్కడ, ఎప్పుడు అన్నది ముందు కాగితం మీద పెట్టండి

తెల్ల కాగితం మీద రెండు చేతులూ ఆనించి చుట్టూ గీత గీయండి. ఒక వారం పాటు రాత్రి పడుకునే ముందు, తెల్లారి లేచాక, తిమ్మిరి ఉన్న చోట గీతలు, నొప్పి ఉన్న చోట చుక్కలు పెట్టండి. డాక్టరు దగ్గర "చెయ్యంతా లాగేస్తోంది" అని చెప్పడం కంటే ఈ కాగితం చూపించడం వంద రెట్లు పనికొస్తుంది. ఎందుకంటే ఏ వేళ్లకు తిమ్మిరి వస్తోందన్న దాన్నిబట్టి ఏ నరం ఇబ్బందిలో ఉందో తెలుస్తుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం. ఈ నాలుగింటికీ తిమ్మిరి వచ్చి, చిటికెన వేలు బాగానే ఉంటే అనుమానం మణికట్టు మీదికి వెళ్లాలి. మణికట్టు లోపల ఒక ఇరుకు దారి ఉంటుంది. అందులోంచి వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, తొమ్మిది, వాటి పక్కనే ఒక నరం వెళతాయి. రోజంతా కత్తిని గట్టిగా బిగించి పట్టుకుని మణికట్టు వంచి కోస్తుంటే ఆ టెండన్ల చుట్టూ వాపు వస్తుంది. దారి పెద్దది కాదు కాబట్టి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. దీనికి ఒక గుర్తు ఉంది: రాత్రి మధ్యలో తిమ్మిరితో మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెండు అరచేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం అలాగే ఉండండి. ఆ నిమిషంలో ఆ వేళ్లకే తిమ్మిరి మొదలైతే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

చిటికెన వేలికి, ఉంగరపు వేలికి మాత్రమే తిమ్మిరి అయితే సమస్య సాధారణంగా మోచేయి దగ్గర ఉంటుంది. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచినప్పుడు బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అక్కడి టెండన్లు వాచాయి. తెల్లారి లేవగానే వేలు ముడుచుకుపోయి, సాగదీస్తే టక్కున తెరుచుకుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. టీ గ్లాసు ఎత్తినా మోచేయి బయటి వైపు నొప్పి పెడితే మోచేతి టెండన్. చెయ్యి పక్కనుంచి పైకి ఎత్తలేకపోయినా, ఆ వైపు తిరిగి పడుకోలేకపోయినా భుజం.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి చెప్పేవాళ్లు ఉండరు. మీకు కీళ్ల నొప్పులు, నడుము నొప్పితో పాటు వచ్చి పోయే జ్వరం, రాత్రి చెమటలు, విపరీతమైన నీరసం ఉంటే అది పని భారం వల్ల కాకపోవచ్చు. పశువులు, గొర్రెలు, మేకల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఇలాగే ఉంటుంది. రక్త పరీక్షతో అనుమానం తేలుతుంది, యాంటీబయాటిక్స్ కనీసం 6 వారాలు వాడాలి. డాక్టరు మీరేం పని చేస్తారని అడగకపోయినా మీరే చెప్పండి. మీ పని ఏమిటో తెలియకపోతే ఆ పరీక్ష రాయాలన్న ఆలోచనే ఆయనకు రాదు.

2. మిగతా అన్నిటికంటే ముందు కత్తి సంగతి చూడండి

ఒక్క మార్పే చేయగలను అంటే ఇదే చేయండి. పదును పోయిన కత్తితో అదే కోత కోయడానికి ఎక్కువ బలం పెట్టాలి, ఎక్కువ గట్టిగా పట్టుకోవాలి, ఒకసారికి తెగాల్సింది రెండుసార్లు లాగాలి. ఆ అదనపు బలమంతా మణికట్టు లోపలి టెండన్ల మీద, మోచేయి మీద, భుజం మీద పడుతుంది. రోజుకి వందల కోతలు. పదును లేని కత్తితోనే కోత గాయాలు కూడా ఎక్కువ, ఎందుకంటే బలంగా తోసిన కత్తి జారుతుంది.

పదును ఉందో లేదో చూడటానికి న్యూస్‌పేపర్ ఒక అంచు పట్టుకుని వేలాడదీసి, కత్తితో పైనుంచి కిందికి లాగండి. చిరగకుండా నున్నగా తెగాలి. ఎక్కడైనా పట్టుకుంటే ఆ చోట అంచు దెబ్బతిన్నట్టు.

సాన రాయికీ, గుండ్రటి స్టీల్ రాడ్డుకీ తేడా ఉంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల చాలా కత్తులు పాడవుతున్నాయి. కోసేటప్పుడు కత్తి అంచు సన్నగా ఒక పక్కకి మడత పడుతుంది. స్టీల్ రాడ్డు ఆ మడతను నిటారు చేస్తుంది, అంతే. అరిగిపోయిన అంచును తిరిగి తీసుకొచ్చేది రాయి మాత్రమే. కాబట్టి పనిలో ఉన్నప్పుడు రాడ్డు, పని అయ్యాక రాయి. ఒక్కో పొట్టేలు అయ్యాక, లేదా కొన్ని కోళ్లు అయ్యాక రాడ్డు మీద ఒక్కో వైపు నాలుగైదు సార్లు తేలిగ్గా లాగండి. బలంగా రుద్దితే అంచు పాడవుతుంది.

రాయి మీద పెట్టే కోణం ముఖ్యం. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెడితే 90 డిగ్రీలు. సగం వంచితే 45. ఆ సగాన్ని మళ్లీ సగానికి కొంచెం ఎక్కువ వంచితే దాదాపు 20 డిగ్రీలు. మాంసం కోసే కత్తికి అదే చాలు. ముందు గరుకు వైపు, తర్వాత నున్నటి వైపు. ఒక వైపు రుద్దుతుంటే రెండో వైపు అంచు పొడవునా సన్నటి గరుకు తగులుతుంది. అప్పుడు తిప్పండి. ఎముకలు కొట్టే బరువు కత్తికి కోణం ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి, లేకపోతే అంచు విరుగుతుంది. కరెంటు చక్రం మీద సాన పట్టిస్తే పక్కనే నిలబడి చూడండి. అంచు నీలంగా మారిందంటే వేడికి ఇనుము గట్టితనం పోయింది, ఆ కత్తి ఇక పదును నిలుపుకోదు. మధ్యమధ్య నీళ్లలో ముంచమనండి.

ఒకే కత్తితో అన్ని పనులూ చేయకండి. తోలు తీయడానికి వంపు ఉన్నది, ఎముక నుంచి మాంసం విడదీయడానికి సన్నటి చిన్నది, ఎముకలు కొట్టడానికి బరువైనది విడిగా ఉండాలి. సన్న కత్తితో ఎముక మీద కొడితే దాని అంచు పోతుంది. మిగతా రోజంతా ఆ పోయిన అంచుతోనే మీ చెయ్యి కుస్తీ పడుతుంది.

పిడి కూడా చూడండి. మరీ సన్నటి పిడిని పట్టుకోవాలంటే వేళ్లు ఎక్కువ బిగించాలి. సుమారు 3 నుంచి 5 సెంటీమీటర్ల మందం ఉండి, జారని పదార్థంతో చేసినది మంచిది. గుడ్డ చుట్టకండి, రక్తం పీల్చుకుని క్రిములు పెరుగుతాయి. కొవ్వు అంటిన పిడి జారుతుంది కాబట్టి చెయ్యి తెలియకుండానే రెట్టింపు బిగిస్తుంది. పక్కన వేడి నీళ్ల బకెట్టు పెట్టుకుని పిడిని, చేతిని తరచుగా కడుక్కోవడం శుభ్రతకే కాదు, మణికట్టుకి కూడా మేలు. గ్లౌజులు చేతికి సరిపోయే సైజువే కొనండి. వదులు గ్లౌజుతో పట్టు కోసం ఇంకా బిగించాల్సి వస్తుంది.

3. మొద్దు ఎత్తు మీ మోచేయిని బట్టి ఉండాలి

నిటారుగా నిలబడి, చేతులు పక్కకి వేలాడేసి, మోచేయి దగ్గర వంచండి. నేల నుంచి మోచేయి దాకా ఎంతుందో టేపుతో కొలవండి. చిన్న ముక్కలు కోసే తేలిక పనికి మొద్దు పైభాగం ఆ కొలత కంటే 10, 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఎముకలు కొట్టే బరువు పనికి ఇంకా కిందికి, అంటే 15 నుంచి 40 సెంటీమీటర్ల దాకా తగ్గొచ్చు. మొద్దు మరీ ఎత్తుగా ఉంటే కొట్టిన ప్రతిసారీ భుజం చెవి దాకా లేస్తుంది. మరీ కిందికి ఉంటే రోజంతా నడుము వంచి నిలబడాలి.

షాపులో ఇద్దరు ముగ్గురు పని చేస్తుంటే అందరి ఎత్తూ ఒకటే ఉండదు. మొద్దును పొడుగు మనిషికి సరిపోయేలా పెట్టి, పొట్టి మనిషికి నిలబడటానికి గట్టి చెక్క పీట వేయండి. అటూ ఇటూ కదలని, కాలు జారని పీట అయి ఉండాలి. ఇటుకల మీద నిలబడటం వద్దు.

ఏళ్ల తరబడి వాడిన చింత మొద్దు నడుమ గుంట పడుతుంది. ఆ గుంటలో కత్తి అంచు పూర్తిగా ఆనదు, ముక్క తెగదు, మళ్లీ కొట్టాలి. మణికట్టు వంకరగా పెట్టాల్సి వస్తుంది. వడ్రంగిని పిలిచి పైభాగం చిత్రిక పట్టించి సమం చేయించండి. ఒక్క దెబ్బకే ముక్క తెగుతుంది, మాంసంలోకి చెక్క పొట్టు రావడం కూడా తగ్గుతుంది.

అరుగు మీద కూర్చుని, కత్తిని కాలివేళ్ల మధ్య బిగించి మాంసాన్ని దాని మీదికి లాగి కోసేవాళ్లు కూడా ఉన్నారు. ఈ పద్ధతిలో మణికట్టు కొంత సుఖపడుతుంది కానీ నడుము, మోకాళ్లు, తుంటి రోజంతా ముడుచుకుని ఉంటాయి. కింద మందపాటి మెత్త వేసుకుని తుంటి మోకాళ్ల కంటే పైకి ఉండేలా చూసుకోండి. అరగంటకోసారి లేచి నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగండి.

వేలాడదీసి తోలు తీసే చోట కొక్కెం ఎత్తు చూడండి. చేతులు భుజం పైకి ఎత్తి పని చేసే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. గొలుసుతో ఎత్తు మార్చుకునే కొక్కెం ఉంటే వెనక కాళ్ల పని అప్పుడు కిందికి దింపి, మెడ పని అప్పుడు పైకి లేపండి. లేకపోతే రెండు మెట్ల స్టాండు ఒకటి చేయించండి.

4. కోసే తీరు

మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. కోత మోచేయి నుంచి, భుజం నుంచి రావాలి, మణికట్టు తిప్పడం వల్ల కాదు. బల్ల మీద అడ్డంగా కోసేటప్పుడు మామూలు పట్టే సరైనది. వేలాడే మాంసాన్ని పైనుంచి కిందికి లాగి కోసేటప్పుడు మాత్రం కత్తి మొన కిందికి ఉండేలా పిడికిలితో పట్టుకుంటే మణికట్టు వంగకుండా ఉంటుంది. మొన మీ ఒంటి వైపు రాకుండా నిలబడే చోటు చూసుకోండి. రెండో చేతికి స్టీల్ అల్లిక గ్లౌజు ఉంటే ఇంకా మంచిది.

బరువు కత్తితో కొట్టేటప్పుడు దాని బరువునే పని చేయనివ్వండి. తల పైదాకా ఎత్తడం వల్ల భుజం అరుగుతుంది తప్ప ఎముక బాగా తెగదు. కత్తి ముక్కకి తగిలే క్షణంలో మాత్రమే పట్టు బిగించి, పైకి లేపేటప్పుడు వేళ్లు వదులు చేయండి. ఈ అలవాటు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వచ్చాక సాయంత్రానికి చేతిలో తేడా మీకే తెలుస్తుంది.

కత్తి పట్టని చేతిని అందరూ మర్చిపోతారు. జారే తోలును బొటనవేలు, చూపుడువేలు మధ్య గిల్లినట్టు పట్టి లాగడం వేళ్ల కీళ్లను చాలా నలిపేస్తుంది. చిన్న చేతి కొక్కెంతో లాగండి, లేదా శుభ్రమైన పొడి గుడ్డతో అరచేయంతా వాడి పట్టుకోండి. పొట్టేలు తోలును పిడికిలితో నెట్టి విడదీసేవాళ్లు ఒక్క చేత్తోనే కాకుండా రెండు చేతులూ మార్చి మార్చి వాడాలి.

5. బరువులు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగ కార్మికుడు మోసే బరువుకు 55 కిలోలు పై హద్దుగా సిఫారసు చేసింది. అది హద్దు, రోజూ మోయదగ్గ బరువు కాదు. నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, తిరగకుండా ఎత్తినప్పుడే 23 కిలోలు. రెండేసి కిలోల బతికిన కోళ్లు పది ఉంటే, ట్రే బరువు కూడా కలిపి అప్పుడే ఆ హద్దు దాటుతుంది. పైగా అది లారీ మీద భుజం పైన ఉంటుంది, కోళ్లు కదులుతుంటాయి, నేల తడిగా ఉంటుంది. కాబట్టి ట్రే దించడం ఇద్దరి పని అని షాపులో నియమం పెట్టుకోండి. పై వరస ట్రేలు అందుకోవడానికి గట్టి స్టూలు వాడండి. పొట్టేలు మొత్తాన్ని ఒక భుజం మీదే రోజూ మోయకండి, చక్రాల బండి ఉంటే అదే మంచిది. గేదె మాంసం పని అయితే కాలు భాగం ఒక్కటే ఒకరు మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు ఉంటుంది. అక్కడ పైన పట్టాలు, కొక్కేలు, ఇద్దరు మనుషులు తప్ప ఇంకో దారి లేదు.

ఎత్తేటప్పుడు బరువును పొట్టకు ఆనించుకోండి. పక్కకి తిప్పాలంటే నడుము తిప్పకుండా పాదాలు కదపండి.

6. రద్దీ రోజుకు ముందే సిద్ధమవ్వండి

మామూలు రోజు చేసే పని వల్ల కంటే ఆదివారం, కనుమ, దసరా, బక్రీద్, బోనాల ఆదివారాలు, డిసెంబరు 31 లాంటి రోజుల వల్ల చేతులు ఎక్కువ దెబ్బతింటాయి. కండరం అలవాటైన పనిని తట్టుకుంటుంది, ఒక్కసారిగా మూడింతలైన పనిని తట్టుకోదు.

ముందు రోజు సాయంత్రం మూడు నాలుగు కత్తులు సాన పట్టి వరసగా పెట్టుకోండి. రద్దీలో సాన పట్టే టైం దొరకదు, కాబట్టి పదును పోయిన కత్తిని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవడమే. గంటకోసారి పని మార్చుకోండి. అయితే కొట్టే మనిషి కోసే పనిలోకి మారితే లాభం లేదు, అదే మణికట్టు వాడుతున్నాడు. కొట్టే మనిషి కాసేపు తూకం, ప్యాకింగ్, డబ్బులు తీసుకోవడం చూసుకోవాలి. ఇద్దరే ఉన్న షాపులో కూడా ఇది కుదురుతుంది. ఒక్కరే ఉంటే ప్రతి పది, పదిహేను నిమిషాలకి అరనిమిషం కత్తి కింద పెట్టి, వేళ్లు బాగా చాపి, భుజాలు వెనక్కి తిప్పండి. వరసలో ఉన్నవాళ్లు "అన్నా, తొందరగా" అంటారు. ఆ అరనిమిషానికి బేరం ఎక్కడికీ పోదు.

పండగ రోజు సాయానికి ఊరి నుంచి పిలిపించిన కుర్రాళ్లకు, ఏడాదిలో ఆ ఒక్క వారమే కత్తి పట్టేవాళ్లకు, నొప్పులు ముందుగా వస్తాయి. వాళ్లకు మొదటి రోజే పన్నెండు గంటల కొట్టే పని ఇవ్వకండి.

7. చలి, తడి నేల

ప్లాంటులో మాంసం కోసే గది 12 డిగ్రీల లోపు ఉంటుంది. చల్లబడిన వేళ్లకు స్పర్శ తగ్గుతుంది, పట్టు తెలియక ఎక్కువ బిగిస్తారు. పైన వేసుకునే గ్లౌజు లోపల పల్చటి ఉన్ని గ్లౌజు వేసుకోండి, విరామంలో చేతులు వెచ్చబెట్టుకోండి. గడ్డకట్టిన మాంసాన్ని రాయిలా ఉండగానే కోయకండి, ఫ్రిజ్‌లో కొంత కరగనివ్వండి. నేల మీద కొవ్వు, నీళ్లు ఎప్పటికప్పుడు తుడిచి, అడుగున గాడి ఉన్న గమ్‌బూట్లు వేసుకోండి. జారి నిలదొక్కుకునేటప్పుడు వచ్చే ఆ కుదుపుతోనే చాలా నడుములు పట్టేస్తాయి.

8. వారానికి అరగంట కసరత్తు

"రోజంతా చేసేది కసరత్తే కదా, మళ్లీ ఎందుకు" అని అడుగుతారు. పనిలో వేళ్లు ముడిచే కండరాలే పదే పదే వాడతారు, వాటికి ఎదురుగా లాగేవి బలహీనంగా ఉండిపోతాయి. డెన్మార్క్‌లో చేతి నొప్పులు దీర్ఘకాలంగా ఉన్న 66 మంది కబేళా కార్మికుల మీద ఒక ప్రయోగం చేశారు. సగం మందితో వారానికి 3 సార్లు, 10 నిమిషాల చొప్పున, 10 వారాలు బలం పెంచే కసరత్తు చేయించారు. మిగతా సగానికి పని పద్ధతుల మీద సలహాలు ఇచ్చారు. కసరత్తు చేసినవాళ్లలో నొప్పి స్పష్టంగా తగ్గింది. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఈ మూడు చెబుతాను.

మొదటిది. కుర్చీలో కూర్చుని ముంజేయి తొడ మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మోకాలి అంచు బయట చెయ్యి పెట్టండి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో సాయం చేసి మణికట్టు పైకి లేపండి. తర్వాత సాయం తీసేసి, అయిదు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించండి. పది పన్నెండు సార్లు. తేలికైపోతే లీటరు సీసా.

రెండోది. అయిదు వేళ్ల కొసలూ దగ్గరగా చేర్చి చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, వేళ్లు పూర్తిగా విప్పండి. మెల్లగా ముడవండి. ఇరవై సార్లు.

మూడోది. పాత సైకిల్ ట్యూబు ముక్కను కిటికీ ఊచకు నడుము ఎత్తులో కట్టండి. పక్కగా నిలబడి, మోచేయి నడుముకి ఆనించి వంచి, ట్యూబును బయటి వైపు లాగండి. మోచేయి ఒంటి నుంచి విడిపోకూడదు. పది పన్నెండు సార్లు, రెండు వైపులా.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్వాలేదు. మర్నాడు పొద్దుటికి అది తగ్గకపోతే మీరు పెట్టిన బరువు ఎక్కువైనట్టు. తిమ్మిరి పెరిగితే ఆపి చూపించుకోండి.

9. నొప్పి వచ్చేశాక

రాత్రి తిమ్మిరితో లేస్తుంటే మెడికల్ షాపులో లోపల గట్టి పట్టీ ఉన్న మణికట్టు స్ప్లింట్ దొరుకుతుంది. అది మణికట్టును నిటారుగా ఉంచాలి. రాత్రిపూట మాత్రమే కట్టుకుని కొన్ని వారాలు చూడండి. సాగే గుడ్డ పట్టీ దానికి బదులు కాదు. గట్టి స్ప్లింట్ కట్టుకుని పగలు మాంసం కొట్టకండి. మణికట్టు కదలకపోతే ఆ భారం భుజం మీదికి పోతుంది.

నొప్పి ఇంజక్షన్ వేయించుకుని ఆదివారం పనికి దిగడం ఈ వృత్తిలో చాలా మామూలైపోయింది. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డైక్లోఫెనాక్ లాంటి మందు నొప్పిని మాయం చేస్తుంది కానీ నలుగుతున్న నరాన్ని వదిలించదు. నొప్పి తెలియకపోతే మీరు ఇంకా గట్టిగా కొడతారు. వారం వారం వేసుకుంటే కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీల మీద దెబ్బ. డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రమే వాడండి. ఏం మందో చెప్పకుండా వేసే ఇంజక్షన్ అసలు వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది, టెండన్‌లో పదేపదే వేయిస్తే అది బలహీనపడుతుంది.

షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఈ రెండూ ఉన్నవాళ్లకు మణికట్టు నరం ఇబ్బంది ఎక్కువగా వస్తుంది, వాటికి మందు వాడకుండా చేతికే వైద్యం చేస్తే సగమే తగ్గుతుంది. ఎముకల డాక్టరు నరాల పనితీరు చూసే పరీక్ష రాస్తారు. ఆపరేషన్ అవసరమైనా అది చిన్నదే, చేతికి మత్తిచ్చి చేసి సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. మళ్లీ బరువు కత్తి పట్టడానికి మాత్రం కొన్ని వారాలు ఆగాలి.

వాయిదా వేయకూడని గుర్తులు ఇవి. బొటనవేలి కింద అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే కండ పల్చబడి గుంట పడటం, తిమ్మిరి రోజంతా ఉండిపోవడం, చేతిలోంచి వస్తువులు జారిపోవడం. కండ కరిగిపోయాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నడుము నొప్పితో పాటు పాదం పైకి లేవకపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.

10. కాగితాలు, హక్కులు

పది మంది లేదా అంతకంటే ఎక్కువ పని చేసే చోట నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే మీకు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉండాలి. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో చూసుకోండి. ఉంటే మీకు, ఇంట్లోవాళ్లకు వైద్యం ఉంటుంది, హైదరాబాద్‌లో సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి లాంటి పెద్ద చోటికి డిస్పెన్సరీ నుంచి రాయించుకోవచ్చు. ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, డాక్టరు సెలవు రాసినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు వస్తుంది. మణికట్టు ఆపరేషన్ తర్వాత ఆగాల్సిన వారాలకు ఇది సరిపోతుంది. చాలామంది ఈ సంగతి తెలియక కుట్లు విప్పిన మర్నాడే కత్తి పడుతున్నారు.

చిన్న షాపులో పని చేస్తూ ఈఎస్‌ఐ లేనివాళ్లు 16 నుంచి 59 ఏళ్ల లోపు అయితే అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి. వృత్తి దగ్గర మాంసం పని అనే రాయించండి, కూలీ అని వదిలేయకండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా ప్రమాదంలో ప్రాణం పోయినా, చెయ్యో కన్నో పోయినా వర్తిస్తుంది. అరుగుదల నొప్పులకు వర్తించదు. కత్తులతో పని కాబట్టి అయినా తీసుకోండి.

నొప్పి మొదలైన తేదీ, ఏ పని చేస్తుండగా వచ్చింది, ఎన్ని గంటలు పని చేశారు, ఎవరికి చెప్పారు అన్నవి మొదట గీసిన చేతుల కాగితం వెనకే రాసిపెట్టుకోండి. డాక్టరు చీటీలో మీ వృత్తి రాయమని అడగండి.

షాపు మీదే అయితే, నలుగురికి పని ఇస్తున్నవాళ్లు మీరే అయితే, ముందుగా కొనాల్సినవి మంచి సాన రాయి, స్టీల్ రాడ్డు, మనిషికి రెండేసి కత్తులు, ఒక చెక్క పీట. కత్తి సాన పట్టే సమయాన్ని పని గంటల్లోనే లెక్క వేయండి. కబేళాలో, ప్లాంటులో అయితే వారానికోసారి కార్మికులందరినీ వేళ్ల తిమ్మిరి గురించి అడిగి రాసుకోండి. చెప్పిన మనిషిని పనిలోంచి తీసేస్తారన్న భయం ఉంటే ఎవరూ చెప్పరు, కాబట్టి ఎవరినీ తీసేయబోమని ముందే మాట ఇవ్వండి. శుభ్రంగా, ఒళ్లు నొచ్చకుండా కోసే పద్ధతులు నేర్చుకోవాలనుకునేవాళ్లు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో శిక్షణ ఎప్పుడు ఇస్తున్నారో కనుక్కోండి. ఒక్కరు నేర్చుకుని వస్తే షాపులో మిగతావాళ్లకు చూపించగలరు.